ఒకటో నంబరు

పోయిన వానాకాలం మొదట్లో, సికింద్రాబాద్ నుంచి కాప్రా వెళ్ళే బస్సులో నా పక్కన ఒకామె కూర్చుంది. ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది.

"జెర సదివి చెప్పున్రి మేడం, సీటు పక్కానేనా?"

ఆమె కూతురికి ఇంజనీరింగ్ సీటు వచ్చిన కాగితం అది. కాలేజీ పేరు చూసి ఇంకోసారి చదివాను. నగరంలో పేరున్న కాలేజీ. పక్కానే అన్నాను.

"పదేండ్ల సంది ఆడనే ఊడుస్తున్న. ఆప్షన్లు పెట్టేకాడ నెట్ సెంటర్ ఆయన మా ఇంటి దగ్గరి కాలేజీ మొదలు రాస్తనన్నడు. మీ అసొంటోళ్లకు గంత పెద్దది ఎందుకన్నడు. పైన రాసింది దొరికితే కిందిది సూడరంట గదా? అందుకే నేను ఊడ్చే కాలేజే ఒకటో నంబర్ల రాయమన్న. ఆ పిల్లలను రోజు సూస్త. నా బిడ్డ కంటే ఆళ్లు ఏం ఎక్కువ గాదు."

కాగితాన్ని కవరులో పెట్టి, కవరును కొంగుతో తుడిచి, మౌలాలిలో దిగిపోయింది.

నా రోజుల్లో నేను భయపడి ఇంటి దగ్గరి కాలేజీనే ముందు రాశాను. అదే వచ్చింది. నా ర్యాంకుకు ఇంకా మంచిది దొరికేదని తర్వాత తెలిసింది.

నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను, ఆప్షన్లు కూడా దగ్గరుండి పెట్టిస్తాను. ఎవరైనా ముందుగా దగ్గరి కాలేజీ పేరు చెబితే, ఇప్పుడు దాన్ని రెండో వరుసలో రాస్తున్నాను. ఒకటో వరుస ఖాళీగా ఉంచి, వాళ్ళు ఇంకో పేరు చెప్పేదాకా కూర్చుంటున్నాను.