మనవాళ్ళకో, మలయ్ వాళ్ళకో

సింగపూర్ వచ్చిన కొత్తలో అద్దె ఇళ్ళ ఏజెంట్లందరూ నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: "ఇండియనా? వంట చేస్తారా?" సెరంగూన్‌లో ఒకాయన నా పేరు వినగానే ఫోన్ పెట్టేశాడు. నాలుగో ఇల్లు కూడా చెయ్యి జారాక, తిరగమోతే వెయ్యనని అబద్ధమాడి ఒక గది సంపాదించాను. చిత్తూరువాణ్ణి, ఆ మాట అనడానికి నాకు నోరెలా వచ్చిందో. ఆ కోపం చాలా ఏళ్ళు పోలేదు.

ఇక్కడే శాశ్వతంగా ఉండటానికి పీఆర్ వచ్చి కొన్నేళ్ళయ్యాక, వుడ్‌ల్యాండ్స్‌లో గవర్నమెంటు ఫ్లాటు ఒకటి చూడటానికి నేనూ మా ఆవిడా వెళ్ళాం. అమ్ముతున్నది ఇక్కడే పుట్టి పెరిగిన తమిళ ఆంటీ. కూతురి ఇంటి పక్కనే చిన్న ఫ్లాటు చూసుకుంది. ఇది అమ్మితేనే అది కొనగలదు. రేటు విని నాకు అనుమానమొచ్చింది. అదే కారిడార్‌లో, అదే కొలతల చైనీస్ వాళ్ళ ఫ్లాటు బాగా ఎక్కువకు పోయింది. ఇంట్లో ఏమైనా లోపముందా అని అడిగేశాను.

"ఇంట్లో ఏమీ లేదు తంబీ," అంది ఆంటీ. "ఒక్కో బ్లాకులో ఒక్కో జాతికి ఇన్ని ఇళ్ళేనని గవర్నమెంటు లెక్క. ఈ బ్లాకులో చైనీస్ కోటా నిండిపోయింది. ఇక చైనీస్ వాళ్ళు ఇక్కడ చైనీస్ వాళ్ళ దగ్గరే కొనాలి. నేను మనవాళ్ళకో, మలయ్ వాళ్ళకో అమ్మాలి. కొనేవాళ్ళు తక్కువ. అమ్మకానికి పెట్టి పదకొండు నెలలైంది."

నాకు బుర్ర తిరిగిపోయింది. అన్ని జాతులూ కలిసుండాలని పెట్టిన రూలది, తప్పని ఎలా అంటాను? ఇండియన్ని కాబట్టి అప్పుడు ఇల్లు దొరకలేదు, ఇండియన్ని కాబట్టే ఇప్పుడు చవగ్గా దొరుకుతోంది. కోపం రావాలో, సంతోషించాలో తెలియలేదు. సిగ్గు విడిచి చెబుతున్నా, ముందొచ్చింది సంతోషమే.

కొంచెం పెంచి ఇద్దామా అని లిఫ్టులో మా ఆవిడనడిగాను.

"మనమేమన్నా ధర్మసత్రం పెట్టినామా? ఆయమ్మ చెప్పిన రేటే కదా, గమ్మునుండు. రేపు మనం అమ్మితే మనకెవురు ఎక్కువిస్తారు?"

ఆమె అన్నదీ న్యాయంగానే తోచింది. గమ్మునున్నాను.

తాళాలిచ్చే రోజు తెలిసింది, కూతురి పక్క ఫ్లాటుకు ఆంటీ డబ్బు చాలలేదట. రెండు బస్సులు మారాల్సినంత దూరంలో వేరేది తీసుకుంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆంటీయేమో నాకే ధైర్యం చెప్పింది.

"అమ్మేటప్పుడు తొందరపడకు తంబీ. మంచి రేటు వచ్చేదాకా ఆగు. నేను ఆగలేకపోయాను."