పాడేవాడు రాని రికార్డు

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక పాత జాజ్ రికార్డు అట్ట తెరిస్తే, చెమ్మ పట్టిన కాగితం వాసన వచ్చింది. నా చిన్నప్పటి రికార్డుకీ అదే వాసన. నాన్న ఎంతో ఇష్టంగా కొన్నారు గానీ, రెండు వైపులా విన్నా పాడేవాడు రాలేదు. దాన్ని అమ్మిన కొట్టు ముసలాయన మోసం చేశాడనుకుని, మర్నాడు నాన్నకు చెప్పకుండా నాంపల్లిలోని మా ఇంటి నుంచి ఆయన కొట్టుకు మోసుకెళ్లాను.

"తాతా, ఇందులో పాట లేదు. వెనక్కి తీసుకో."

"ఏంది బిడ్డా, గా బాకాలు గింత మంచిగ పాడుతుంటే ఇంకెవరు రావాలె? జర కండ్లు మూసుకొని ఇను," అంటూ ఆయన రికార్డు పెట్టాడు.

ఒక బాకా ఏదో అడిగింది. ఇంకొకటి తొందరపడకుండా జవాబిచ్చింది.

రికార్డుతో ఇంటికి పరుగెత్తాను. దానికోసం ఇల్లంతా వెతుకుతున్న నాన్నతో, "రెండో బాకా వచ్చేటప్పుడు మాట్లాడొద్దు నాన్నా," అన్నాను.

ఆ తరువాత ఎన్నేళ్లు విన్నా, అక్కడికి వచ్చేసరికి మేమిద్దరం మాట్లాడేవాళ్లం కాదు.