సి పక్కన డి

2019 జనవరిలో, విమానాల యోగ్యతను పరీక్షించే ఇన్‌స్పెక్టరుగా నా ఆఖరి పోస్టింగులో, సౌదీలో ఖతీఫ్ దగ్గరి ఒక ప్రైవేటు రన్‌వేకి నన్ను పంపారు. రెండు సీట్ల పాత అమెరికన్ విమానం ఒకటి లైట్ స్పోర్ట్ అనే తేలిక విమానాల తరగతిలోకి వస్తుందో రాదో తేల్చాలి.

యజమాని అబూ సాలెం చమురు కంపెనీలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయినవాడు. గుండెకు స్టెంటు వేశాక మామూలు పైలట్ లైసెన్సుకు కావలసిన వైద్య పరీక్షలో నెగ్గలేకపోయాడు. లైట్ స్పోర్ట్‌కు ఆ షరతులు తేలిక. విమానం ఆ తరగతికి వస్తే ఆయన మళ్లీ ఒంటరిగా ఎగరవచ్చు. రాకపోతే ఆ దారి మూసుకుపోయినట్టే.

నేను వెళ్లేసరికి ఆయన మెకానిక్ ఖాదర్ విమానాన్ని కాటాల మీద నిలబెట్టి ఉంచాడు. అతనిది కడప.

"ఆరు వందల కిలోలు దాటకూడదు గదా సార్, ఎంత తక్కువుందో మీరే చూడండి. రేడియో గూడా పీకేసినా. చాలదంటే నేనూ ఒళ్లు తగ్గించుకుంటా" అన్నాడు.

రేడియో మళ్లీ బిగించమన్నాను. నిబంధన అడిగేది విమానం ఎంత తూగుతోందని కాదు, గరిష్ఠంగా ఎంత బరువుతో పైకి లేవడానికి దానికి అనుమతి ఉందని. ఆ అంకె మోడల్‌ని బట్టి ఉంటుంది. ఈ తయారీదారు ఒకే ఆకారంలో రెండు మోడళ్లు చేశాడు. సి పరిమితికి లోపల ఉంటుంది, డి దాటుతుంది. పైకి తేడా తెలియదు. విమానం ముక్కును ఎత్తే తోక రెక్క, అంటే ఎలివేటర్, డి మోడల్‌లో పూర్తిగా పైకి లేవకుండా అడ్డు బిగిస్తారు. కోణమానిని పెట్టి కొలిచాను. రెక్క పూర్తిగా లేచింది. సి మోడలే.

అబూ సాలెం ఖలాస్, ఇక అయిపోయింది అని ఖహ్వా కాఫీ తెప్పించాడు.

కప్పు పట్టుకునే మరోసారి తోక దగ్గరికి వెళ్లాను. అడ్డు బిగించే చోట వాడకంలో లేని బోల్టు రంధ్రం ఒకటి, పూడ్చి, రంగు వేసి ఉంది. అక్కడ అడ్డు ఎవరికి అవసరమైందో తెలుసుకోవాలనిపించింది. కాక్‌పిట్‌లోని గుర్తింపు పలక మీది రంగు తీయమన్నాను. ఖాదర్ తుడిచాడు. సి అక్షరం పక్కన సుత్తితో కొట్టి చదును చేసిన గుర్తు కనిపించింది. పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దితే డి తేలింది. ఒకప్పుడు ఎవరో డిగా మార్చి, తర్వాత మళ్లీ సి చేశారు. విమానం మొదట నమోదైన దేశానికి రాసి అడిగితే వాళ్లూ అదే చెప్పారు.

జవాబు వచ్చాక మళ్లీ వెళ్లాను. ఇవాళ ఇది సి మోడలే కదా అని అబూ సాలెం వాదించాడు. మొదటి ధ్రువీకరణ నాటి నుంచి ఎడతెగకుండా పరిమితిలో ఉండాలన్నది నిబంధన అని చెప్పాను. ఖాదర్ నా వైపు తిరిగి తెలుగులో, "పెండ్లయి తలాక్ ఇచ్చినోడు బ్రహ్మచారినంటే ఖాజీ రాసుకుంటాడా సార్?" అన్నాడు. ఏమన్నాడని అబూ సాలెం పట్టుబట్టాడు. చెప్పాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఆగాక, అయితే ఒంటరిగా ఎగరలేనన్నమాట అన్నాడు. అవునన్నాను. అర్హత లేదని రాశాను.

ఆయన విమానాన్ని అమ్మలేదు. లైసెన్సున్న పైలట్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఎగిరేవాడని తర్వాత విన్నాను.

కాటా చెప్పేది ఈనాటి సంగతి. నిబంధన ఏ కాలం గురించి అడుగుతోందో ముందు చదివి, ఆ తర్వాతే పనిముట్ల పెట్టె తెరవాలని అక్కడ నేర్చుకున్నాను.