బస్సు దిగని అమ్మాయి

మొన్న ఒక మధ్యాహ్నం మా చిక్కబళ్ళాపురం ఇంట్లో, వసారాలో కూర్చుని నేనూ మా కోడలూ అనపకాయలు ఒలుచుకుంటున్నాం. గింజల్ని నానబెట్టి, తోలు పితికి, ఆ పప్పుతో పులుసు పెట్టుకుంటేగాని మా వైపు వాళ్ళకు చలికాలం వచ్చినట్టే ఉండదు. కోడలి చేతులు కాయల మీద ఉన్నాయిగాని మనసు ఇక్కడ లేదు. ఉన్నట్టుండి తనలో తను నవ్వుతుంది, కాసేపటికి పెదవి కొరుక్కుంటుంది, ఒకసారైతే కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఏమైందోనని భయపడి భుజం తడితే, చెవిలోంచి చిక్కుడుగింజంత వస్తువొకటి తీసి, నవల వింటున్నానత్తయ్యా, ఎవరో చదివి ఫోనులో పెట్టారు, చిన్న ఊళ్ళో ఉండే ఒక అమ్మాయి కథ అంది. ఏమైంది ఆ పిల్లకు అని అడిగాను. ఉండండి, మంచి పట్టులో ఉంది అని మళ్ళీ చెవిలో పెట్టేసుకుంది. ఆ పిల్లకు ఏమైందో తెలుసుకోవాలని నాకు ప్రాణం కొట్టుకులాడింది. ఇంత వయసు వచ్చినా ఈ ఆరాటం పోలేదే అని నవ్వూ వచ్చింది, ఆ నవ్వుతోపాటే చింతామణిలో మా నాయన చింతపండు మండీ కళ్ళ ముందుకొచ్చింది.

అప్పటికి చిక్కబళ్ళాపురం జిల్లా కాలేదు, మాదంతా కోలారు జిల్లానే. శివరాత్రి పోయిందంటే బాగేపల్లి, చేలూరు వైపు నుంచి చింతపండు మూటలు మా మండీలో దిగేవి. మండీకీ ఇంటికీ నడుమ పొడుగాటి సావిడి ఒకటి ఉండేది. అందులో ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ, పనికి వచ్చే అమ్మలూ వరసగా కూర్చుని, ముందర నాపరాయి పెట్టుకుని, చిన్న సుత్తులతో పండు కొట్టి గింజ తీసేవాళ్ళు. గడప పక్కన పీట మీద మా అవ్వ, వక్కాకు నములుతూ, అందరికీ పెద్దరికం చేస్తూ ఉండేది. ఆ పులుపు వాసన ఇప్పటికీ తలచుకుంటే నోట్లో నీళ్ళూరుతాయి, మీలో ఆ వైపు వాళ్ళెవరైనా ఉంటే మీకూ ఊరుతుంటాయి.

మా ఇళ్ళలో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. తెలుగు అక్షరాలు నేను పెళ్ళయిన తర్వాత పట్టుబట్టి నేర్చుకున్నాను. పీయూసీ ముగించి ఇంట్లో కూర్చున్న ఆ ఏడాది మా చిన్నాయన గ్రంథాలయం నుంచి కన్నడ నవలలు తెచ్చిస్తుంటే, సావిట్లో ఒక మూలన కూర్చుని గుటకలు మింగుతూ చదివేదాన్ని. ఒకనాడు అవ్వకు కోపమొచ్చింది. “నీలో నువ్వే నవ్వుకుంటే మాకేమొస్తాది మే, మాకూ చెప్పు” అని కసిరింది. అలా మొదలైంది. కళ్ళతో కన్నడం చదవడం, నోటితో తెలుగులో చెప్పడం. రెంటికీ మధ్య ఒక్క క్షణం కూడా ఆగేదాన్ని కాదు, ఆగితే సుత్తులన్నీ ఆగి, ఊఁ, ఆమీట ఏమాయె, అనేవాళ్ళు.

ఇందులో ఒక తమాషా ఉండేది. అలా చెప్పిన నవలల్లో ఒకటి మలెనాడులో ఒక చిన్న ఊళ్ళో జరుగుతుంది, పుట నిండా వానలూ కాఫీ తోటలూ. మాకు వాన ఎక్కడిది, కాఫీ తోట మొహం నేను మాత్రం ఎప్పుడు చూశాను! తోట ఎట్లుంటాదని అడిగితే మామిడితోట మాదిరే కొంచెం పొట్టిగా అని చెప్పేశాను. వానలు తగ్గించేశాను. చెప్పగా చెప్పగా ఆ ఊరు ఎప్పుడు మారిపోయిందో నాకే తెలియదుగాని, వారం తిరిగేసరికి కథానాయిక మా బాగేపల్లి బస్టాండు పక్కనే కాపురం ఉంటున్నట్టు, ఆమెను ప్రేమించినవాడు కదిరి బస్సులో దిగినట్టు అందరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ యమ్మకు నర్సు శిక్షణకు వేరే ఊళ్ళో సీటు వస్తుంది. ప్రేమించినవాడు మంచివాడే, కానీ నువ్వు పోతే నేనుండలేను, మానుకో అంటాడు. పోతుందా, ఉంటుందా అని మా సావిట్లో రెండు పక్షాలైపోయి, ఒకనాడు ఇద్దరు అమ్మలు మాట్లాడుకోవడమే మానేశారంటే నమ్మండి.

మా బావ గురించి చెప్పలేదు కదూ. మా మేనత్త కొడుకు, బాగేపల్లిలో వాళ్ళది చింతపండు వ్యాపారమే, వారానికొకసారి సరుకు వేసుకుని మా మండీకి వచ్చేవాడు. సన్నగా, నిదానంగా, పది మాటలు అడిగితే ఒక మాట చెప్పే మనిషి. ఇష్టమా అంటే ఇష్టమే, ఇప్పుడు సిగ్గేమిటి చెప్పడానికి. ఆయన వచ్చే రోజు నేను తల రెండుసార్లు దువ్వుకునేదాన్ని. మండీకీ సావిడికీ నడుమ ఒక చెక్క తలుపు, అది ఎప్పుడూ ఓరగా వేసి ఉండేది. సరుకు తూకం అయిపోయినా బావ ఆ తలుపు అవతల మూట మీద కూర్చునే ఉండేవాడు. “ఏమప్పా, బస్సు పోతాండాది, నువ్వు యాడా కదలవు” అని అమ్మలు తలుపు దిక్కు చూసి ఎగతాళి చేస్తే నా మొహం ఎర్రబడేది. నాకోసమే అనుకుని మురిసిపోయాను. తర్వాత తెలిసింది, సగం నాకోసం, సగం కథలో ఆ నర్సమ్మ కోసం! ఆ మాట విన్ననాడు కొంచెం కుళ్ళుకున్నాను కూడా.

ఇంతలో నాకూ ఒక సీటు వచ్చింది. చిన్నాయన చేత అర్జీ పెట్టించుకున్నాను, చిక్కబళ్ళాపురంలో ఉపాధ్యాయ శిక్షణ, రెండేండ్లు, అక్కడే హాస్టలు. సరిగ్గా అదే సమయానికి మేనత్త బాగేపల్లి నుంచి వచ్చి, ఈ వేసవిలోనే పెళ్ళి చేసేద్దాం, మా ఇంటి కోడలికి ఉద్యోగం ఏం అవసరం అంది. నాయన తలూపాడు. నేనూ తలూపాను. బావంటే ఇష్టమే కదా, ఇంకేం కావాలి అని నన్ను నేనే సముదాయించుకున్నాను. శిక్షణ సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నవల చివరికొచ్చింది. ఎప్పుడూ లేనిది ఆ పొద్దున మిద్దెపైకెక్కి చివరి ప్రకరణం ముందుగానే చదివేశాను. ఆ యమ్మ పెట్టె తీసుకుని బస్సెక్కుతుంది. కిటికీ పక్కన కూర్చుంటుంది. ప్రేమించినవాడు రొప్పుతూ పరుగెత్తుకొస్తాడు. ఆమె కన్నీళ్ళతో బస్సు దిగేస్తుంది, బస్సు వెళ్ళిపోతుంది, ఇద్దరూ చేతులు పట్టుకుంటారు, కథ సమాప్తం. నాకు ఒళ్ళు మండిపోయింది. పుస్తకం విసిరికొట్టి, మళ్ళీ గ్రంథాలయం వాళ్ళదని గుర్తొచ్చి దుమ్ము దులిపి తెచ్చుకున్నాను. ఎవరో కల్పించిన పిల్ల మీద నాకెందుకింత కోపం అని మధ్యాహ్నం దాకా ఆలోచించినా అంతు పట్టలేదు.

మధ్యాహ్నం సావిట్లో చెబుతున్నాను. తలుపు అవతల బావ ఉన్నాడని తెలుసు. పెట్టె సర్దుకుంది, బస్సెక్కింది, కూర్చుంది, వాడు పరుగెత్తుకొచ్చాడు. సుత్తులు ఆగిపోయాయి. దిగింది అన్న మాట పుటలో కళ్ళ ముందరే ఉంది, నోరు మాత్రం దాన్ని పలకనంది. ఆ యమ్మ దిగలేదు అన్నాను. దిగలేదు, కిటికీలోంచి తల బయటపెట్టి, నీమీద ప్రేమ లేక కాదు, నాకు ఇదీ కావాలి, నువ్వూ కావాలి, కాచుకుంటావా అని అడిగింది అన్నాను. బస్సు కదిలింది, వాడు పక్కనే పరుగెత్తుతూ కాచుకుంటా, కాచుకుంటా అని అరిచాడు అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పొద్దున నాకెందుకంత కోపం వచ్చిందో అప్పుడు తెలిసింది నాకు.

ఒక పెద్దమ్మ ఠపీమని సుత్తి వేసి “బలే పని చేసె ఆ యమ్మ!” అంది, ఇక సావిడంతా ఒకటే గోల. పుస్తకం మూస్తే ఊరుకుంటారా, వాడు నిజంగా కాచుకున్నాడా లేదా అని పట్టుకున్నారు. పుటలు అయిపోయాయి, కథ అయిపోలేదు. మర్నాడు పాత పుటలే తిప్పుతూ, రెండేండ్లు కాచుకున్నాడనీ, ఆమె తిరిగొచ్చిన రోజు అదే బస్టాండులో మల్లెపూలతో నిలబడ్డాడనీ చెప్పి బయటపడ్డాను. అవ్వ ఒక్కతే నమలడం ఆపి నన్నే చూస్తుండిపోయింది.

అది మర్నాటి మాట. బస్సు దిగలేదని చెప్పిన ఆ రోజే, బావ మంచినీళ్ళకని వంటింటి గడప దాకా వచ్చాడు. చెంబు అందుకుని తాగలేదు. “పుస్తకంలో ఆ యమ్మ బస్సు దిగేస్తాది గదా” అన్నాడు. వారానికొకసారి వచ్చే మనిషికి నడుమ కథంతా తప్పిపోతుంటే ఆగలేక, బాగేపల్లి గ్రంథాలయంలో అదే నవల వెతికి పట్టుకుని చివరిదాకా చదివేశాడట. చివర ఏముందో తెలిసి కూడా నేనెట్లా చెబుతానో విందామని ఆ రోజు వచ్చి కూర్చున్నాడు. నేను తల ఎత్తలేదు. ఎవరికైనా చెప్పేస్తాడేమోనని భయం, చెప్పేస్తే బాగుండునని ఒక పిచ్చి ఆశ. చెంబు గడప మీద పెట్టి, నిదానంగా, “నువ్వు గూడా దిగొద్దు. నేను కాచుకుంటా” అన్నాడు. నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయాడు.

పెళ్ళి రెండేండ్లు ఆపుదామని మగపెళ్ళివారి పిల్లాడే అంటే ఇంట్లో ఎంత రభస జరిగిందో చెప్పనలవి కాదు. పిల్లలో ఏం లోపమని నాయన, పిల్లాడికి ఏం పోయేకాలమని మేనత్త. బావ మాత్రం ఆమెను చదువుకోనియ్యండి అన్న ఒక్క మాట పట్టుకుని కూర్చున్నాడు. చివరికి అవ్వ నోరు విప్పింది. నాయనా మేనత్తా ఇద్దరూ ఆమె బిడ్డలే, ఆమె మాట కాదనేవాళ్ళు లేరు. “కథలో పిల్లోడు రెండేండ్లు కాచుకోలేదా? వాడికుండే ఓపిక మన పిల్లోనికి లేదా?” అంది. అది కథమ్మా అని మేనత్త అంటే, “కథైతే ఏమి, సావిడంతా సరేనన్నారు గదా, గమ్మునుండు” అని తేల్చేసింది. నేనూ బావా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, చూసుకుంటే నవ్వు ఆగేది కాదు. అవ్వకు ఎంత తెలుసో, ఏం తెలిసి ఆ మాట అందో నేను అడగనే లేదు, అడిగే ధైర్యం వచ్చేసరికి ఆమె లేదు.

శిక్షణకు బయలుదేరిన రోజు నాయన నన్ను చింతామణి బస్టాండులో కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. బావ వచ్చాడు, మల్లెపూలు లేవు, నాయన పక్కనే ఉన్నాడు కాబట్టి మాటలూ లేవు. బస్సు వెనకాల పరుగెత్తుతాడేమోనని నేను లోపల్లోపల ఎదురుచూస్తుంటే, ఆ దిక్కుమాలిన బస్సు బయలుదేరితే కదా! ఇంజను మొరాయించింది. కండక్టరు దిగి రండప్పా రండి అని పిలిస్తే, నలుగురితోపాటు మా బావా పంచె ఎగ్గట్టి బస్సు తోశాడు. ఏ నవల్లోనైనా ప్రేమించినదాన్ని బస్సు తోసి మరీ పంపించినవాడు ఉన్నాడా చెప్పండి. దారిలో శిడ్లఘట్ట వచ్చేదాకా నవ్వుతూనే ఏడ్చాను, ఏడుస్తూనే నవ్వాను.

రెండేండ్లూ కాచుకున్నాడు. పెళ్ళయింది, మేష్ట్రమ్మనయ్యాను, ఈ ఊళ్ళోనే స్థిరపడ్డాం, పదవీ విరమణ కూడా అయిపోయింది. సుత్తుల మోతలో తలుపు అవతల నుంచి నా మాట ఏరుకుని విన్న మనిషికి ఇప్పుడు పక్కన నిలబడి కాఫీ అని అరిచినా వినపడదు. ఆ రోజు పుస్తకంలో ఉన్నట్టే చెప్పి ఉంటే ఏం చేసేవాడివి అని ఎన్నిసార్లు అడిగానో. ఆ ప్రశ్నకు మాత్రం ఆయనకు చెవుడు పెళ్ళైన నాటినుంచే ఉంది.

నిన్న కోడలికి జాలి కలిగి, చెవిలో పెట్టుకునే ఆ గింజ ఒకటి నాకూ ఇచ్చింది. ఎవరో అమ్మాయి చదువుతోంది, గొంతు తేనెలా ఉంది. కథలో పిల్ల తనకిష్టమైన చదువు మానుకుంటానని అనబోతుంటే, పాత అలవాటు, “ఆగు మే, దాన్ని అట్ల అననియ్యొద్దు” అని గట్టిగా అనేశాను. కోడలు పకపకా నవ్వింది. ఆ గొంతు ఆగలేదు, తన దారిన తను చదువుకుంటూ పోయింది. మా సావిట్లో అయితే సుత్తులన్నీ ఆగేవి, కథ చెప్పేదాని మొహంలోకి అందరూ చూసేవాళ్ళు. ఈ చదివే అమ్మాయి మూసిన గదిలో ఒంటరిగా కూర్చుని చదువుతుందట, కోడలు చెప్పింది. చివరి పుటకొచ్చేసరికి ఆ పిల్లకూ ఎప్పుడైనా నోరు మొరాయిస్తుందా, వేరేలా చెప్పాలనిపిస్తుందా, అనిపించి చెబితే అది ఆమె సొంత మాటేనని పోల్చుకోవడానికి తలుపు అవతల ఎవరైనా ఉన్నారా అని, అనపగింజలు పితుకుతూ నిన్నటి నుంచీ అదే అనుకుంటున్నాను.