లవంగ నూనె

పెంపుడు జంతువుల ఆసుపత్రి ల్యాబులో ఆమెకు ఇరవై రెండేళ్ల సర్వీసు. కుక్క చెవిలోంచో పిల్లి పుండులోంచో తీసిన చీమును గాజు పళ్లెంలో పెంచి, ఏ మందుకు క్రిములు చస్తున్నాయో తేల్చి చెప్పడం ఆమె పని. అందరికీ ఆమె ల్యాబక్క.

ఆ ఏడు ఆమె తమ్ముడి పిల్లి కాలికి పుండు పడింది. తమ్ముడు బస్సు డ్రైవరు. రెండేళ్ల కిందట పోయిన భార్య పెంచుకున్న పిల్లి అది. మనుషులతో ముక్తసరిగా మాట్లాడే అతను దానికి మాత్రం డ్యూటీ కబుర్లన్నీ చెప్పేవాడు. "వినీ విననట్టుంటుంది. అచ్చం నీ మరదలే," అనేవాడు అక్కతో.

ఆమె ఆ పుండు చీమును పళ్లెంలో పెంచి, దాని మీద ఎనిమిది రకాల మందు బిళ్లలు పెట్టి చూసింది. క్రిములు దేనికీ లొంగక బిళ్లల అంచులదాకా పెరిగాయి. ఇలాంటి మొండి క్రిముల మీద డాక్టరు అప్పుడే మొక్కల నూనెలు పరీక్షిస్తున్నాడు. ఆమె లవంగ నూనె చుక్క వేసింది. మర్నాడు పొద్దున చుక్క చుట్టూ పెద్ద గుండీ అంత మేర పళ్లెం తేటగా ఉంది.

సంతోషం పట్టలేక తమ్ముడికి ఫోన్ చేసింది.

"దొరికిందిరా. లవంగ నూనెకి చచ్చాయి."

"అదెంత పని, పక్క కొట్లోనే ఉంటుంది," అన్నాడతను. ఎవరో పిలిస్తే ఆమె నవ్వుతూ ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం డాక్టరు ఆ పళ్లెం చూశాడు. "బాగుంది. పిల్లికి మాత్రం వద్దమ్మా. దాని కాలేయం ఈ నూనెల్ని తట్టుకోలేదు. నాకిందంటే విషమే."

తమ్ముడు బస్సు నడుపుతున్నాడు, ఫోన్ ఎత్తలేదు. సాయంత్రం ఆమె వెళ్లేసరికి గదంతా లవంగాల వాసన. పిల్లి మంచం కింద వణుకుతోంది.

"డ్యూటీకి వెళ్లేముందే రాశాను. మంటకి ఓసారి అరిచి, తర్వాత నాక్కుంటూ కూర్చుంది. నయమవుతోందనుకున్నా," అన్నాడు.

ఆసుపత్రిలో రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. మూడో రోజు పోయింది. దాన్ని తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని, అక్క ముఖం చూడకుండా అడిగాడు.

"నూనె వల్లేనా, అక్కా?"

ఇన్నేళ్లలో ఏ రిపోర్టులోనూ అబద్ధం రాయని మనిషి. "కాదురా. పుండు విషం ఒళ్లంతా పాకింది. ఎవరేం చేసినా దక్కేది కాదు," అంది. అతని కోసం అన్నదో తన కోసం అన్నదో ఆమెకే తేలలేదు.

మరుసటేడు, బాగా పల్చన చేసిన నూనెలతో కొన్ని కుక్కల చెవులు నయమయ్యాయి. డాక్టరు రాసిన వ్యాసంలో ఆమె పేరూ వేశారు. 'పిల్లులకు వాడరాదు' అన్న వాక్యాన్ని పట్టుబట్టి రాయించింది ఆమే. తమ్ముడు ఆ కాగితాలు అడిగి తీసుకుని, "మా అక్క," అంటూ డిపోలో అందరికీ చూపించాడు. అతను అవి చదివాడో లేదో ఆమె అడగలేదు. అతనూ చెప్పలేదు.