మా ఆయన బిగించిన ఎర్త్ వైరు

మా ఆయన మోటార్ సైకిళ్లకి వైరింగ్ చేస్తాడు. ఇంజను జోలికి పోడు, టైరు జోలికి పోడు. పంక్చరైన బండి తెచ్చి గుమ్మంలో పెడితే, శత్రువుల బండి వచ్చినట్టు మొహం తిప్పుకుంటాడు. వైర్లు, లైట్లు, హారను, స్టార్టరు, అంతే. మా ఇంట్లో రోడ్డు వైపు గది ఆయన షాపు. వెనకున్న రెండు గదులూ నావి. నలభై ఏళ్లుగా తలుపు గడియల మీద నల్ల వేలిముద్రలు తుడుస్తున్నదాన్ని, ఆయన సంగతి నాకంటే ఎవరికి తెలుసు? నాకు చదువు రాదు, సంతకం మాత్రం వస్తుంది. కానీ చూసింది మర్చిపోను.

ఊళ్లో ఆయన్ని జడలాయన అంటారు. మిగతావాళ్లు వైరు తెగితే రెండు కొసలూ మెలేసి, టేపు చుట్టి పంపించేస్తారు. ఈయన ఆ పని చెయ్యడు. సోల్డరు పెట్టి, మీద గొట్టం తొడిగి, వైర్లన్నీ సాఫీగా దువ్వి, జడ అల్లినట్టు అల్లి కడతాడు. కన్న కూతురికి ఒక్కనాడు జడ వెయ్యలేదు గానీ, దారిన పోయే ప్రతి బండికీ వేస్తాడు. ఇంత శుభ్రం మనిషికి వంటింట్లో తాగిన గ్లాసు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తెలీదు.

ఒక ఎండాకాలం ఈయనకి రంగు పిచ్చి పట్టింది. ఎవరో రంగు కొట్టే మిషను అమ్మేస్తుంటే కొనుక్కొచ్చాడు. వైరింగంతా మార్చాల్సిన పాత బండి వస్తే, ఎలాగూ అన్నీ విప్పుతున్నాం కదా అని ఫ్రేము గీకి, మూడు పూతలు నల్ల రంగు కొట్టి, ట్యాంకు కూడా మెరిపించి, ఆరాక మళ్లీ బిగించి ఇచ్చేవాడు. నా పెరడంతా ఇనప అస్థిపంజరాలే. బట్టలారేసుకునే తీగ మీద కూడా హ్యాండిళ్లు వేలాడేవి.

అలా రంగేసిన వాటిలో నర్సమ్మ బండి ఒకటి. ఇంటింటికీ వెళ్లి పురుళ్లు పోసే మనిషి. భర్త పోయాక ఆయన బండి నేర్చుకుని దాని మీదే తిరిగేది. భారీ మనిషి, భారీ నవ్వు. బండి తీసుకెళ్లే రోజున అద్దంలో చూసుకున్నట్టు ట్యాంకులో మొహం చూసుకుని, "ఏమయ్యోయ్, ఇది నా బండేనా, లేక ఎవరి పెళ్లికొడుకునైనా నా చేతికిచ్చావా?" అంది. మా ఆయన పళ్లన్నీ బయటపెట్టాడు.

వానలు పడ్డాయి. పది రోజులకి నర్సమ్మ బండి తోసుకుంటూ వచ్చింది.

"మలుపు తిరుగుతుంటే ఠక్కున ఆగిపోయిందయ్యా. కాసేపు తిట్టాను. మళ్లీ స్టార్టయింది."

మా ఆయన ట్యాంకు తీశాడు. కింద వైర్లు కలిసే కప్లర్ ఉంటుంది. ఒక దాంట్లో పళ్లు, ఒక దాంట్లో బొక్కలు, నొక్కితే కరుచుకుంటాయి. దాంట్లో నీళ్లు చేరి పళ్లకి పచ్చగా చిలుం పట్టింది. "ఇదిగో దొంగ" అన్నాడు. కొత్త కప్లర్ వేసి పంపించాడు.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. ఈసారి తాళం దగ్గర స్విచ్చి మార్చాడు. ఆయన దగ్గర ఒక చిన్న బల్బు ఉంది, రెండు వైర్లు తగిలించి ఉంటాయి. ఒక కొస బ్యాటరీ మైనస్‌కి తగిలించి, రెండో కొస ఎక్కడ గుచ్చితే అక్కడ బల్బు వెలగాలి. అన్ని చోట్లా వెలిగింది. ఆ వెలుగు చూసి ఈయన మొహం కూడా వెలిగింది.

"ఇంక వైరింగులో ఏం లేదమ్మా. నేను చేసింది కదా" అన్నాడు.

మూడోసారి బండి ఆటోలో వచ్చింది. నర్సమ్మ రాలేదు. ఆమె తమ్ముడు వచ్చాడు.

వంతెన మీదికి తిరిగే మలుపులో క్లచ్ పట్టుకుని హ్యాండిల్ తిప్పగానే ఇంజను ఆగిపోయిందట. వెనకాల లారీ. పక్కకి లాగబోయి రాళ్ల మీద పడింది. మెడ కిందుండే ఎముక విరిగింది. నెలన్నర నుంచీ కట్టుతోనే ఉందట, బండి వాళ్ల పెరట్లోనే పడుంది. ఆమె కోసం చూస్తున్న ఇంట్లో, నొప్పులు పడుతున్న పిల్లకి అత్తగారే పురుడు పొయ్యాల్సి వచ్చింది. తల్లీ బిడ్డా బతికారు. లారీ వాడు ఇంకొక్క జానెడు ఇటు తిప్పి ఉంటే నర్సమ్మ బతికేది కాదు.

"మా అక్కని చంపేద్దామనుకున్నావా, జడలూ? రెండుసార్లు బాగైందన్నావు!"

"గొంతు తగ్గించు నాయనా" అన్నాను. "ఆయనకి చెవుడు లేదు. బుద్ధి సంగతి నేను చూసుకుంటాను."

వాడు నా వైపు తిరిగి, "అక్క ఒక మాట చెప్పమంది. కట్టు విప్పగానే, వచ్చే సోమవారం నుంచి డ్యూటీకి ఇదే బండి మీద వెళ్తుందట. నేనొద్దన్నా వినదు. ఈలోగా బాగైందో, బాగుచెయ్యలేడో, ఏదో ఒకటి తేల్చి చెప్పమంది" అని వెళ్లిపోయాడు.

అప్పటికి ఐదు రోజులుంది. మా ఆయన షాపు తలుపులు సగం మూసి ఆ బండి ముందు కూర్చున్నాడు. బ్యాటరీ మార్చాడు. కాయిలు మార్చాడు. బల్బు పెట్టి గుచ్చుతాడు, వెలుగుతుంది. ఇంకో చోట గుచ్చుతాడు, అక్కడా వెలుగుతుంది. తాను అల్లిన జడ ఒక్కటి మాత్రం విప్పడు, తాను బిగించిన బోల్టు ఒక్కటి తియ్యడు.

"ఒకసారి నీ పని కూడా చూసుకోవయ్యా" అన్నాను మూడో రోజు.

"నా పనిలో ఏముంటుందే చూడ్డానికి?"

"ఏమీ లేకపోతే ఆవిడ రాళ్ల మీద సరదాకి పడుకుందా?"

అన్నం తినకుండా లేచిపోయాడు. అనకూడదనే అనుకున్నాను. అనేశాను.

ఆదివారం పొద్దున పిలిచాడు. "ఇలా వచ్చి క్లచ్ పట్టుకుని స్టార్టరు నొక్కుతూ ఉండు. నేను కింద నుంచి చూస్తాను." చేతులు తుడుచుకుని వెళ్లాను. నొక్కాను. మోటారు ముసలాడు మెట్లెక్కినట్టు మూలిగింది. మళ్లీ నొక్కమన్నాడు. మళ్లీ. నాలుగోసారికి ఎడం చెయ్యి జారి, లివరు కింద నుంచి దిగే నల్లటి తాడు మీద పడింది. చురుక్కుమంది.

"అమ్మా! నీ వైరు కాలుతోందయ్యా!"

"అది వైరు కాదే, క్లచ్ కేబులు. దాంట్లో కరెంటుండదు."

"ఉండకపోతే నా చెయ్యెందుకు కాలింది? పొయ్యి మీద పెట్టావా దీన్ని?"

లేచి వచ్చి పట్టుకుని చూశాడు. స్పానరు తీసుకుని, ఇంజను నుంచి ఫ్రేముకి వచ్చే లావుపాటి ఎర్త్ వైరు బోల్టు విప్పాడు. నలభై ఏళ్లలో తాను బిగించింది తానే అనుమానంతో విప్పడం అదే మొదలు.

కింద నల్లటి రంగు. నిగనిగలాడుతూ. నా మొహం కనబడేంత శుభ్రంగా.

తర్వాత నాకు చెప్పాడు. బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు పని చేశాక తిరిగి బ్యాటరీకి చేరాలట. ఆ తిరుగు దారి ఇంజను ఇనుము, ఎర్త్ వైరు, ఫ్రేము ఇనుము. ఇనుముకి ఇనుము తగలాలి. మధ్యలో రంగుంటే దారి మూసేసినట్టే. మొదట్లో బోల్టు మరలు రంగుని కొరికిన చోట కాస్త తగిలేది. వానకి అక్కడ తుప్పు పట్టింది. ఇంక కరెంటు దిక్కులేక క్లచ్ కేబులు పట్టుకుని పాకింది. క్లచ్ లాగి హ్యాండిల్ తిప్పినప్పుడు ఆ దారీ తెగేది, బండి ఆగేది. ఈయన బల్బు బ్యాటరీకే తగిలించి చూశాడు కాబట్టి అన్నీ బాగున్నట్టే కనిపించాయి. తూము మూసుకుపోతే ఈ మనిషి ఇన్నాళ్లూ కుళాయిని పరీక్ష చేస్తూ కూర్చున్నాడు.

చాకుతో రంగు గీకాడు. తెల్లగా ఇనుము తేలేదాకా గీకి, వైరు బిగించి, స్టార్టరు నొక్కాడు. ఒక్క దెబ్బకి లేచింది. హ్యాండిల్ ఆ కొసకీ ఈ కొసకీ తిప్పాడు. ఆగలేదు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"వెళ్లి చెప్పాలి" అన్నాడు.

"చెప్పు. కప్లర్ మళ్లీ పాడైంది, మార్చానని చెప్పు."

"అప్పుడావిడ కప్లర్‌ని తిడుతుంది. అదేం చేసింది పాపం?"

"దానికి పెళ్లాం పిల్లలు లేరు, పడుతుంది! ఆ తమ్ముడు ఊరంతా చాటుతాడయ్యా. ఇంక ఈ గుమ్మం ఎవరు తొక్కుతారు?"

వినలేదు. నేనూ వెంట వెళ్లాను. ఒక్కణ్ణే పంపితే అక్కడ మాట పెగలదని నాకు తెలుసు.

నర్సమ్మ కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. మెడ చుట్టూ గుడ్డ కట్టు. చిక్కిపోయింది. మా ఆయన గుమ్మం దగ్గరే నిలబడి, "తప్పు నాదమ్మా. రంగు గీకకుండా దాని మీదే ఎర్త్ బిగించాను. మిమ్మల్ని నేనే పడేశాను" అన్నాడు. తమ్ముడు లేవబోయాడు. ఆవిడ కూర్చోమంది.

మా ఆయన్ని కింద నుంచి పైదాకా చూసింది. తర్వాత అడిగింది.

"ఆ ఎండాకాలం ఎన్ని బళ్లకి రంగేశావు?"

"ఆరు. మీదీ కలిపి."

"మిగతా ఐదూ ఎక్కడున్నాయి?"

మా ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టుకోబోయాడు. నాకూ అప్పుడే తట్టింది. ఆ ఐదింటి ఎర్త్ వైర్లూ రంగు మీదే ఉన్నాయి.

"నా ముందు చేతులు కట్టుకుని నిలబడితే నా ఎముక అతుక్కోదు. వెళ్లు, వాటి వెంట పడు" అంది.

ఆ పూటే మొదలుపెట్టాడు. జేబులో స్పానరు, చాకు, గరుకు కాగితం. మేస్టారి బండి ఆయన ఇంటి ముందే దొరికింది. పాలవాడి బండి అప్పటికే మలుపుల్లో ఆగుతోందట, ప్లగ్గు పాడైందనుకుని రోజూ తన్నుకుంటూ తిరుగుతున్నాడు. బుధవారానికి నాలుగు బళ్లు విప్పి, గీకి, బిగించాడు. నర్సమ్మ అన్నట్టే సోమవారం బండెక్కింది. ఇప్పటికీ ఆ బండే.

ఐదోది మాత్రం దొరకలేదు. ఆకుపచ్చ ట్యాంకు, పక్కన తెల్ల గీత. ఆ గీత ఈయనే ముచ్చటపడి వేశాడు. సొంతదారు దాన్ని పాత బళ్ల దుకాణంలో అమ్మేశాడు. దుకాణం వాడు ఎవరో పైఊరి మనిషికి అమ్మాడు, పేరు గుర్తులేదన్నాడు. మా ఆయన ఊళ్లో ఉన్న ప్రతి మెకానిక్ దగ్గరికీ వెళ్లి, "ఆకుపచ్చ బండొస్తే ఎర్త్ బోల్టు విప్పి గీకండి, నేను రంగు మీద బిగించాను" అని చెప్పాడు. వాళ్ల మెలేసిన వైర్లు చూసి ఇన్నేళ్లూ నవ్విన మనిషి. వాళ్లు నవ్వారు. ఒకడు, "జడలో పేలు పడ్డాయా బాబాయ్?" అన్నాడట. ఆ మాటలన్నీ పడి వచ్చాడు.

రంగు మిషను అమ్మేశాం. అది జరిగి మూడేళ్లవుతోంది. రోడ్డు మీద ఆకుపచ్చ బండి పోతే చాలు, సోల్డరింగ్ కడ్డీ కాలుతున్నా వదిలేసి లేస్తాడు. మొన్న ఒకటి పోయింది. వట్టి కాళ్లతో అరుస్తూ పరిగెత్తాడు. వీధి చివర అందుకున్నాడు. తెల్ల గీత లేదు. రొప్పుతూ తిరిగొచ్చి స్టూలు మీద కూలబడితే, అరికాల్లో గాజుపెంకు.

"చెప్పులేసుకుని ఏడవచ్చుగా!" అన్నాను, పెంకు లాగుతూ.

"చెప్పులేసుకునేలోపు మలుపు తిరిగిపోతాడే" అన్నాడు.