నేను పరీక్షించని మట్టి

నా దగ్గర ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. అందులో రెండు వందల పది గ్రాముల నల్లమట్టి. ల్యాబు త్రాసు మీద తూచాను కాబట్టి ఇంత కచ్చితంగా చెబుతున్నాను. మూడేళ్ళుగా గది మారినా ఊరు మారినా అది నాతోనే వస్తోంది. పారేయలేను. ఎవరికీ చూపించలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలననిపిస్తోంది.

అప్పుడు ఏలూరులో ఒక మేడ మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. వ్యవసాయంలో డిప్లొమా చేసి, తాడేపల్లిగూడెంలో మట్టి పరీక్షలు చేసే చిన్న ల్యాబులో చేరాను. పొద్దున ప్యాసింజరుకి వెళ్ళడం, సాయంత్రం ప్యాసింజరుకి రావడం. కింది వాటాలో సుభానీ గారు, ఆయన కూతురు జరీనా గారు, అల్లుడు ఉండేవారు. సుభానీ గారు నలభై ఏళ్ళు దర్జీ. చూపు మందగించి మిషను ఆపేశారు. ఆపిన దగ్గర్నుంచి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు తిరిగేవారు. ఒక్కోసారి కళ్ళజోడు ఎక్కడ పెట్టారో, గేటు గడియ వేశారో లేదో మరిచిపోయేవారు. జరీనా గారికి అదే బెంగ.

ఏదో పెళ్ళిలో వేదిక మీద జెర్బెరా పువ్వుల్ని చూసొచ్చి, అవి పెంచుతానని పట్టుబట్టారాయన. "ఆ రేకులు చూశారా బాబూ, ఒక్కటి వంకర లేదు. అంత కుట్టు నాకు చేతకాదు," అన్నారు. నాకు తెలిసినవన్నీ వరసగా చెప్పాను. మొక్క మొదలు మట్టిలో కూరుకుపోకూడదు. నీళ్ళు నిలవకూడదు. పువ్వుని కత్తిరించకూడదు, కాడ మొదట్లో పట్టుకుని మెలితిప్పి లాగాలి.

"కత్తెర వద్దంటారా! నలభయ్యేళ్ళు నాకు తిండి పెట్టిందండీ అది," అని నవ్వారు.

కొల్లేరులో అక్రమంగా తవ్విన చేపల చెరువుల గట్లు ప్రభుత్వం తెంచేసిన ఏడాది అది. ఎండిన చెరువుల్లోంచి మట్టి తవ్వి తోటలకి తోలుకుపోతున్నారు. అల్లుడు ఆకివీడు నుంచి చేపల లారీ నడిపేవాడు. ఒకసారి ఇంటికొస్తూ ఆ మట్టి పది బస్తాలు తెచ్చి పెరట్లో దించాడు. కొబ్బరికీ అరటికీ మంచి బలమని అందరూ వేసేదే. సుభానీ గారు మాత్రం చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నారు.

"ఉప్పు తగుల్తోంది బాబూ. మీ ల్యాబులో ఓసారి చూసిపెడతారా?"

కవరులో పోసి ఇచ్చారు. ఈ కవరే.

ఏం చెయ్యాలో నాకు తెలుసు. నీడలో ఆరబెట్టాలి, దంచాలి, జల్లెడ పట్టాలి, శుద్ధజలంలో కలిపి ఉప్పు కొలిచే మీటరు పెట్టాలి. అంతా కలిపితే గంట పని. మీటరు పాడైందని మీకు చెప్పొచ్చు. పాడవలేదు. కవరు నా సంచిలో నాలుగు రోజులుంది. ఆయన రోజూ గేటు దగ్గరే అడిగేవారు. అయిదో రోజు, రైలు టైమవుతుంటే, ల్యాబు ఫారం ఒకటి తీసుకుని, పెదవేగి నుంచి వచ్చిన ఒక పామాయిల్ తోట మట్టి అంకెల్ని అందులో ఎక్కించాను. లవణాలు: సాధారణం. కింద సంతకం, స్టాంపు. ఇంటి పెరడే కదా, ఎవరు చూస్తారనుకున్నాను.

ఆయన ఆ కాగితాన్ని బీరువా తలుపుకి అంటించారు. "మొక్కలక్కూడా చదివి వినిపించానండి," అన్నారు.

వానలు తగ్గాక కడియం నర్సరీ నుంచి ఇరవై నాలుగు మొక్కలు వచ్చాయి. ఆ మట్టితోనే మడి కట్టి, టేపు పెట్టి కొలిచి నాటారు. నెల తిరక్కుండా ఎరుపు, పసుపు, నారింజ పువ్వులు పదకొండు పూశాయి. ఆ తర్వాత ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగుకి తిరిగాయి. తడి ఉన్నా మొక్కలు వాలిపోయాయి. మడి మీద తెల్లటి పొర కట్టింది. చూడగానే నాకు అర్థమైంది. మర్నాడు ఈ కవరులోంచి కొంచెం మట్టి తీసి మీటరు పెట్టాను. ఆ మొక్క తట్టుకునే దానికి మూడు రెట్లు ఉంది ఉప్పు.

ఆ సాయంత్రం చెబుదామనే పెరట్లోకి వెళ్ళాను. జరీనా గారు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నారు. మడి పక్కన రెండు బకెట్లు. ఒకటి నీళ్ళది. రెండోది బట్టలు నానబెట్టే సోడా నీళ్ళది.

"ఆ తెలుపేంటి నాన్నా? సోడా బకెట్టు కానీ పోశావేంటి?"

"లేదమ్మా... నీళ్ళదే పోశాను."

"నిన్న పొయ్యి మీద పాలు పెట్టి లేదన్నావుగా. మట్టిలో ఏం లేదని కాగితం ఉంది. మరి ఇదెక్కడ్నుంచొచ్చినట్టు?"

ఆయన తన చేతుల్ని రెండుసార్లు తిప్పి చూసుకున్నారు. నా వైపు తిరిగారు.

"చదువుకున్నవారు, మీరు చెప్పండి బాబూ. నా చెయ్యేనంటారా?"

నేనన్నాను: "అయ్యుండొచ్చండి."

ఒక్క మాట. దాన్ని చాలాసార్లు విడగొట్టి చూసుకున్నాను. ఉద్యోగం పోతుందని భయమా? ఆ పెరటి మట్టి కోసం ఎవరూ నా ఉద్యోగం తీసేవారు కాదు. సిగ్గా? అవును. ఆయన నాలుకకి తెలిసింది నా సంతకానికి తెలియలేదని ఒప్పుకోవాల్సి వచ్చేది. ఆ సిగ్గు తప్పించుకోవడానికి ఒక మనిషి తన చేతుల్నే అనుమానించేలా చేశాను.

ఆయన తర్వాత మొక్కల జోలికి పోలేదు. జరీనా గారు పొయ్యి ముట్టుకోవద్దన్నారు, సరేనన్నారు. తాళాలు అడగకుండానే ఇచ్చేశారు. ఒకరోజు కత్తెర కూడా గుడ్డలో చుట్టి, "దాచెయ్యమ్మా, ఏ వేళ ఏం చేస్తానో" అని కూతురికిచ్చారు. ఆ మాట మెట్ల మీద నిలబడి విన్నాను. విని పైకెళ్ళిపోయాను. ఆ నెలాఖరుకే గది ఖాళీ చేశాను. మరుపు ఆయనకి ఎలాగూ ముదిరేదేమో. ఎన్నిసార్లు అలా సర్దిచెప్పుకున్నానో! కానీ "నీళ్ళదే పోశాను" అన్నప్పుడు ఆయనకి సరిగ్గానే గుర్తుంది. అది తప్పని నమ్మించినవాణ్ణి నేను.

కిందటి నెల చెప్పడానికే ఏలూరు వెళ్ళాను. సుభానీ గారు నన్ను గుర్తుపట్టలేదు. జరీనా గారు ఆయన చొక్కా గుండీలు పెడుతున్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ముట్టుకోకూడని వస్తువుల్ని చూసినట్టు వాటినే చూసుకుంటున్నారాయన. బీరువా తలుపుకి నా కాగితం ఇంకా ఉంది. జరీనా గారు టీ ఇచ్చారు. తాగాను. వచ్చేశాను. ఆవిడకి చెప్పలేకపోయాను.

ఇది రాస్తే క్షమాపణ దొరుకుతుందని రాయడం లేదు. ఇవ్వగలిగిన ఆయనకి నేనెవరో తెలియదు. ఇవాళ పొద్దున ఒక ఖాళీ ఫారం తీసుకుని, ఆనాడు రాయాల్సింది రాశాను. నమూనా: సుభానీ గారి పెరటి మట్టి. లవణాలు: చాలా ఎక్కువ. జెర్బెరాకి పనికిరాదు. ఆ కింద, అలాంటివి రాయడానికి ఫారంలో గడి లేకపోయినా, ఇంకో వాక్యం రాశాను. ఆయన పోసింది మంచినీళ్ళే.

దాని కింద సంతకం చేశాను.